మెత్తవేషము – నటుని మేనివేడి : ఆహార్యాభినయమున ఒక విస్మృత విషయము

నాటకము దృశ్యకావ్యమనియు, అభినయము ఆంగిక వాచిక ఆహార్య సాత్త్వికములని నాలుగు విధములనియు మన తరగతులయందు మొదటి పాఠముననే చెప్పుచుందుము. తక్కిన మూడింటికి లభించునంత విపులమైన వివరణము ఆహార్యమునకు సాధారణముగా లభింపదు. కిరీటములు, భుజకీర్తులు, హారములు, వర్ణములు అను పట్టికతో ఆ పాఠము ముగియును. ఆ కిరీటము క్రింద ఒక తల కలదనియు, ఆ వేషము లోపల ఊపిరి పీల్చుచు, చెమటయోడ్చుచు, పద్యము పాడుచున్న మనుష్యుడొకడు కలడనియు మనము తలచుట తక్కువ. ఈ వ్యాసము ఆ లోపలి మనుష్యుని గూర్చినది.

భీముడు, కీచకుడు, ఘటోత్కచుడు, కుంభకర్ణుడు మున్నగు పాత్రలను ధరించు నటుడు సహజముగా స్థూలకాయుడు కానప్పుడు ఆ లావును వేషముతో కల్పింపవలసియుండును. పొట్టకును, ఱొమ్మునకును, భుజములకును దూది మెత్తలు కట్టి, పైన మఖమలు అంగీ తొడుగుట వాడుక. హాస్యపాత్రల బొజ్జలకును ఇదియే మార్గము. దూదితోగాని, గుడ్డపేలికలతోగాని, నేటి రబ్బరు నురుగు పలకలతోగాని ఇట్లు దేహమునకు లావు కల్పించు వేషమును సౌకర్యముకొఱకు ఇచట 'మెత్తవేషము' అని పిలిచెదను.

ఈ విషయమున నాకు ఆసక్తి కలుగుటకు కారణము గ్రంథపఠనము గాదు. చాలకాలము క్రిందట ఒక కళాశాల వార్షికోత్సవమున విద్యార్థులచేత ఒక పౌరాణిక నాటకమును ఆడించు భారము నాపై పడినది. వైశాఖమాసము, రేకుల కప్పు గల సభామందిరము. ఘటోత్కచ పాత్రధారి సన్నని బాలుడు. పాత పరుపును విప్పి, అందలి దూదితో అతనికి లోపలి అంగీ నొకదానిని కుట్టించితిమి. జారిపోకుండుటకై వీపువైపున దారముతో కుట్టివేసితిమి. రెండవ రంగము నడుమ అతడు మాటలు తడబడజొచ్చినాడు. సంభాషణము మఱచినాడని తలచి, తెరచాటున నున్నవాడు గొంతు పెంచి అందించుచుండెను. నేనును చేతితో సైగలు చేసి తొందరపెట్టితిని. మఱికొంతసేపటికి అతడు కూలబడినాడు. లోపలికి మోసికొనిపోయిన తరువాత కుట్లు విప్పుటకు కత్తెర దొరకక కొన్ని నిమిషములు వ్యర్థమైనవి. దైవికముగా అతడు కోలుకొన్నాడు. అతడు మాట మఱచినది జ్ఞాపకశక్తి లోపమువలన గాదనియు, దేహతాపమువలన అనియు నేను తరువాత తెలిసికొంటిని. ఆనాడు అతని దోషముగా నేను భావించినది నా అజ్ఞానమే.

భరతుని హెచ్చరిక

నటుని దేహశ్రమను మన ప్రాచీనులు గుర్తింపలేదనుట పొరపాటు. నాట్యశాస్త్రమున ఆహార్యాభినయమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. అది కొన్ని ముద్రణములలో 21వది, కొన్నింట 23వది. పుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని ఆహార్యమును నాలుగుగా విభజించిన పిమ్మట, భూషణముల వివరణము నడుమ భరతుడు ఒక మాట హెచ్చరించినాడు. నాట్యప్రయోగమున భూషణములు బరువైనవి కారాదు; బరువు మోయుచు బహువిధముల కదలు నటుడు అలసిపోవును, వానికి చెమటపట్టును, మూర్ఛయు కలుగవచ్చును అని దాని భావము. కావున బంగారు నగలకు మాఱుగా పలుచని లోహపు రేకులతోను, లక్కతోను చేసిన తేలికయైన నగలను వాడుమని ఆయన విధించినాడు. ఆయుధములను గూర్చియు ఇట్లే చెప్పినాడు. ఇనుము మొదలగువానితో నిజమైన వస్తువులను చేసినచో బరువువలన ఖేదము కలుగును గనుక వెదురు, లక్క, గుడ్డ, తోలు వంటివానితో వాని రూపమును మాత్రము కల్పింపవలెను. మాఱుతలలకు మారేడు జిగురుతో గుడ్డ నతికి చేయు పొర మిక్కిలి మందముగా ఉండరాదనుటయు అక్కడనే కలదు.

ఈ వాక్యములలో రెండు విశేషములు గమనింపదగినవి. ఖేదము, స్వేదము, మూర్ఛ అను మూడింటిని భరతుడు ఒక క్రమమున చెప్పినాడు. అలసట, చెమట, స్పృహ తప్పుట అను ఈ క్రమము నేటి వైద్యశాస్త్రము దేహతాపమును గూర్చి చెప్పు క్రమమునకు మిక్కిలి దగ్గఱగా నున్నది. రెండవది, ఆయన పరిహారమును నటుని ఓర్పునందు వెదకలేదు, వస్తువును చేయు విధానమునందు వెదకినాడు. రంగమున కావలసినది రూపము, ద్రవ్యము గాదు. ఈ సూత్రమును మనస్సున నుంచుకొని మెత్తవేషమును పరిశీలింతము.

దేహమున పుట్టు వేడి

ఊరక కూర్చున్న మనుష్యుని దేహమునుండి సుమారు 100 వాట్ల వేడి పుట్టుచుండును. వడివడిగా నడచునప్పుడు అది 300 వాట్లకు చేరును. గద త్రిప్పుచు, రంగమంతయు కలయదిరుగుచు, గొంతెత్తి పద్యము పాడు నటుని శ్రమ దీనికంటె తక్కువ యని చెప్పుటకు వీలులేదు. కండరములు వ్యయించు శక్తిలో అధికభాగము వేడిగానే మాఱును. ఆ వేడి బయటికి పోయినంతకాలము లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గఱ నిలుచును.

పోవు మార్గములు మూడు. చర్మముకంటె గాలి చల్లగా నున్నప్పుడు వేడి గాలిలోనికి పోవును. చుట్టునున్న వస్తువులు చల్లగా నున్నప్పుడు వానివైపు ప్రసరించును. చెమట ఆవిరియగునప్పుడు తనతోపాటు వేడిని కొనిపోవును. చర్మపు ఉష్ణోగ్రత సుమారు 33 మొదలు 35 డిగ్రీలవఱకు ఉండును. మన వేసవి సాయంకాలములందు గాలియే 35 డిగ్రీల కెక్కినచో మొదటి రెండు మార్గములును మూసికొనిపోవును. మిగులునది చెమట యొక్కటే.

ఇప్పుడొక చిన్న లెక్క వేసి చూతము. నటుని బరువు 70 కిలోగ్రాములనుకొందము. పుట్టు వేడిలో 200 వాట్లు బయటికి పోలేక లోపలనే నిలిచినదనుకొందము. ఇరువది నిమిషములలో నిలిచిన వేడి 240 కిలోజౌళ్లు. మానవదేహపు విశిష్టోష్ణమునుబట్టి ఇది దేహపు ఉష్ణోగ్రతను దాదాపు ఒక డిగ్రీ పెంచుటకు చాలును. నలువది నిమిషములైనచో రెండు డిగ్రీలు. అనగా 37 నుండి 39. మఱి ఇరువది నిమిషములకు 40. ఆ మెట్టున మెదడు కలత చెందును. వడదెబ్బ యనునది అదియే. ఎండలేని రాత్రివేళ, కప్పు క్రింద, వేదికపైన గూడ వడదెబ్బ తగులుట కీ లెక్కయే సమాధానము.

అదే లెక్కను చెమటవైపునుండి చూడుడు. ఒక లీటరు చెమట చర్మముపై పూర్తిగా ఆవిరియైనచో సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోవును. కావున పైని చెప్పిన 240 కిలోజౌళ్లను తొలగించుటకు పదవవంతు లీటరు, అనగా చిన్న గ్లాసులో సగము చెమట చాలును. కాని అది ఆవిరి కావలెను. కారి క్రింద పడిన చెమట గాని, దూదిలో ఇంకిన చెమట గాని దేహమును చల్లబఱచదు. చెమట పట్టుట వేఱు, చెమట ఆఱుట వేఱు. నటుడు తడిసి ముద్దయైనాడనుట అతడు చల్లబడినాడనుటకు గుర్తు గాదు. పెక్కుమార్లు అందుకు విపరీతమునకే గుర్తు.

మెత్త చేయు కీడు

దూది తనంత తానుగా వేడిని పుట్టింపదు. దాని పోగుల నడుమ చిక్కుకొన్న నిశ్చలమైన గాలి వేడిని కదలనీయదు. చలికాలమున బొంత వెచ్చగా నుండుటకు కారణమిదియే. 1941లో గాగ్, బర్టన్, బాజెట్ అను శాస్త్రజ్ఞులు వస్త్రముల ఈ గుణమును కొలుచుటకు 'క్లో' అను ప్రమాణము నేర్పఱచిరి. 21 డిగ్రీల గదిలో కదలక కూర్చున్న మనుష్యునికి హాయి గొలుపు ఉడుపు ఒక క్లో. చొక్కా, పంట్లాము, కోటు గల దుస్తులు ఇంచుమించు ఈ కొలతకు సరిపోవును. మన ఘటోత్కచుడు కూర్చుండడు, గది 21 డిగ్రీలలో ఉండదు, అతని మెత్త కోటుకంటె ఎన్నోరెట్లు మందము. మూడింటను అతడు ఆ హాయికి దూరమైనవాడే.

రెండవ కీడు తేమ. మెత్తకును చర్మమునకును నడుమనున్న గాలి కొలదిసేపటిలోనే ఆవిరితో నిండిపోవును. ఆపైన చెమట ఆఱుటకు తావు లేదు. 1957లో యాగ్లూ, మినార్డ్ అనువారు అమెరికా సైనికులకు శిక్షణకాలమున వడదెబ్బ తగులకుండుటకై రూపొందించిన ఉష్ణసూచిలో తడిబల్బు ఉష్ణమాపకమునకు పదింట ఏడుపాళ్లు ప్రాధాన్యమిచ్చిరి. తేమ ఎంత ముఖ్యమో ఇందువలన గ్రహింపవచ్చును. విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి తీరస్థలములలో ఎండ తక్కువగా తోచినను, అనంతపురపు పొడిగాలిలోకంటె మెత్తవేషధారికి అపాయము హెచ్చు కావచ్చుననుట ఇందువలననే.

మూడవది బరువు. చెమట పీల్చినకొలది దూది బరువెక్కును. బరువెక్కినకొలది శ్రమ, శ్రమ పెరిగినకొలది వేడి. ఇది ఒక విషవలయము.

తెలుగు పద్యనాటకమున దీనికి తోడు మఱియొక విశేషము కలదు. మన పౌరాణిక నటుడు ఆడుటయేగాక పాడును. పొట్టచుట్టు, ఱొమ్ముచుట్టు బిగించిన మెత్త ఊపిరికి అడ్డము. దీర్ఘమైన రాగాలాపనకు నిండు ఊపిరి కావలెను. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అని కేకలు వేసినచో పద్యమును మఱల ఎత్తుకొనుట మన రంగస్థల సంప్రదాయము. ఆ కేక నటునికి గౌరవమే. కాని మెత్తవేషము లోపల నున్నవానికి ప్రతి 'వన్స్ మోర్'ను మఱికొన్ని నిమిషముల తాపమను సంగతి ప్రేక్షకులకు తెలియదు, దర్శకునికి తెలియవలెను.

సంప్రదాయములు కనుగొన్న ఉపాయములు

ఈ చిక్కు మనకు మాత్రమే ఏర్పడినది గాదు. చీనాదేశపు పెకింగు సంగీతనాటకమున చిత్రితముఖముతో వచ్చు 'జింగ్' పాత్రలకు వీరోచితమైన విశాలదేహము కావలెను. అందుకై వారు పై ఉడుపుల క్రింద 'పాంగ్-ఆవ్' అను దూదికుట్టిన అంగీని తొడిగెదరు. ఇది మన మెత్తకు సరియైన జోడు. ఐతే దానిని ఒంటిమీద నేరుగా తొడుగరు. చర్మమును అంటి 'ష్వే-యీ' అను నూలు అంగీ నొకదానిని వేసికొందురు. ఆ మాటకు 'నీటి అంగీ' అని అర్థము. చెమటను అది పీల్చును. ఉతుకుటకు, మార్చుటకు సులభము. ఇంతకంటె చమత్కారమైనది వెదురు అంగీ. సన్నని వెదురు గొట్టములను పూసలవలె చిన్నచిన్న తునకలుగా కోసి, దారముతో వలవలె అల్లి చేసిన చొక్కా యిది. చీనాలో అధికారులును, నటులును వేసవిలో పట్టు ఉడుపుల క్రింద దీనిని తొడుగుకొనెడివారు. 19వ శతాబ్దమునాటి ఇట్టి అంగీలు నేటికిని వస్తుప్రదర్శనశాలలలో ఉన్నవి. వెదురు చెమటను పీల్చదు. పై ఉడుపును ఒంటికి అంటనీయదు. ఆ సందున గాలి కదలును. విలువైన పట్టును చెమటనుండి కాపాడుట దాని ప్రయోజనములలో నొకటి. పట్టును కాపాడిన ఆ సందే మనుష్యునికిని మేలు చేసినది.

కేరళ కథకళి వేషము చూచువారికి మిక్కిలి భారముగా కానవచ్చును. నడుముచుట్టు పెక్కు గుడ్డలను వరుసలుగా కట్టి గొడుగువలె విప్పారు పావడను కల్పింతురు. నిడుపు చేతుల అంగీ, చెక్కకిరీటము, ముఖమున గంటలకొలది తీర్చు రంగులు దీనికి తోడు. ఇంతటి వేషమును నటుడు భరించుటకు సంప్రదాయము కొన్ని అనుకూలతలను కల్పించినది. ప్రదర్శనము పరంపరాగతముగా రాత్రి, ఆరుబయట జరుగును. నటుడు పాడడు, మాటాడడు. వెనుక నిలిచిన గాయకులు పాడుదురు. కావున ఊపిరి అంతయు ఆంగికమునకే దక్కును. మఱియు పావడ దేహమును పెద్దది చేయుట లోపల కూరుటవలన గాదు, వెలుపలికి విప్పారుటవలన. దాని అడుగుభాగము తెఱచియుండుటచేత ప్రతి గంతునను, ప్రతి తిరుగుడునను లోపలి గాలి కొంత మాఱుటకు వీలు కలదు.

తెలుగునాటనే రెండు చక్కని నిదర్శనములున్నవి. కూచిపూడి సంప్రదాయమున నగలను బూరుగుచెక్కతో చేయుట వాడుక. బూరుగు మిక్కిలి తేలికయైన కఱ్ఱ. భూషణము గురువు కారాదన్న భరతుని విధికి ఇది దేశీయమైన ఆచరణము. రెండవది బుట్టబొమ్మ. పెండ్లియూరేగింపులలోను, దేవుని ఉత్సవములలోను మనిషికంటె ఎత్తైన బొమ్మ నాట్యమాడుచు వచ్చుట మన మెఱుగుదుము. లోపల ఒక మనుష్యుడు నిలిచి దానిని మోయుచుండును. వెదురు బద్దలతో బుట్టవలె అల్లిన చట్రమే దాని దేహము. అందుచేతనే దానికి ఆ పేరు. అంతటి లావును దూదితో కూరి చేసినచో ఏ మనుష్యుడును రెండు వీథులు నడువజాలడు. గుల్లగా అల్లుటచేత, అడుగున తెఱపి యుండుటచేత అది సాధ్యమైనది.

లావు వేఱు, బరువు వేఱు, వెట్ట వేఱు. మన కవసరమైనది మొదటిది మాత్రమే. కూరుటవలన మూడును కలిసి వచ్చును. అల్లుటవలన మొదటిది యొక్కటే వచ్చును. భరతుడు నగలను గూర్చి చెప్పినదానిని బుట్టబొమ్మ చేయువాడు దేహమునకే అన్వయించినాడు.

చలనచిత్రము, నేటి సాధనములు

1954లో జపానుదేశమున వెలువడిన 'గాడ్జిల్లా' చిత్రమున భూతాకృతిని ధరించిన నటుడు హరువో నకజిమా. మొదట చేసిన రబ్బరు వేషము సుమారు 100 కిలోగ్రాములు తూగినదనియు, దానిలో అతడు మూడునిమిషములకంటె ఎక్కువసేపు నిలువలేకపోయెననియు ఆ చిత్రచరిత్ర చెప్పుచున్నది. ఐనను చిత్రము పూర్తియైనది. చలనచిత్రమును తునుకలుగా తీయవచ్చును. మూడునిమిషములు నటించి, వేషము విప్పి, సేదదీరి మఱల తొడుగవచ్చును. రంగస్థల నటునికి ఆ వెసులుబాటు లేదు. అతని విశ్రాంతి నాటకరచనలోనే, రంగవిభజనలోనే ఇమిడియుండవలెను. ఈ భేదమును గుర్తింపక చలనచిత్రమున చూచిన వేషమును వేదికమీదికి తెచ్చుట అవివేకము.

నేడు వేషము క్రింద తొడుగదగిన శీతలసాధనములు మూడు విధములు. మొదటిది మంచుగడ్డల అఱలు గల చేతులులేని అంగీ. ఒక కిలోగ్రాము మంచు కరగుటకు 334 కిలోజౌళ్ల వేడి కావలెను. మన లెక్కలోని 200 వాట్ల చొప్పున అది సుమారు 28 నిమిషములకు సరిపోవును. కాని మంచు నేరుగా చర్మమును తాకినచో రక్తనాళములు ముడుచుకొనును. నడుమ గుడ్డ యుండవలెను. రెండవది, సుమారు 28 మొదలు 32 డిగ్రీల నడుమ కరగు లవణములను గాని మైనపువంటి పదార్థములను గాని నింపిన సంచులు. ఇవి మంచంత వేడిని పీల్చకపోయినను చర్మమునకు హితకరములు. చల్లని నీటిలో ఉంచినచో మఱల గడ్డకట్టును. మూడవది సన్నని గొట్టములలో చల్లని నీటిని ప్రవహింపజేయు అంగీ. 1960ల ఆరంభమున ఇంగ్లండులో విమానచోదకులకొఱకు ప్రయోగింపబడి, తరువాత అపోలో వ్యోమగాముల ఉడుపులలో నిది స్థానము పొందినది.

ఈ మూడింటికిని ఒక పరిమితి కలదు. కరగిపోయిన సంచి, ఆగిపోయిన పంపు మెత్తమీద మఱియొక మెత్తయై, బరువును మాత్రమే మిగుల్చును. కావున వేషమును సరిగా కుట్టుకొనుటకు ఇవి సాయములే కాని బదులు కావు.

వేషరచనకు సూచనలు

పైని వివరణమునుండి కళాశాల నాటకములకు ఉపకరించు కొన్ని నియమములను తీయవచ్చును.

చర్మమును అంటియుండునది పలుచని నూలు చొక్కాయై, ప్రతి విరామమునను మార్చుటకు రెండుమూడు సిద్ధముగా ఉండవలెను. దానికిని మెత్తకును నడుమ ఖాళీ యుండవలెను. పేక బెత్తపు చట్రము గాని, వెడల్పు కన్నుల బిఱుసైన వల గాని ఆ ఖాళీని నిలుపును. పొట్టను దూదితో కూరుటకంటె బెత్తపు వలయములపై గుడ్డ సాగదీసి గుల్లగా చేయుట మేలు. భుజములకు మెత్త తప్పనిసరియైనచో దానిని తునుకలుగా విడదీసి కుట్టవలెను. చంకలయందును, వెన్నెముక పొడవునను, మెడచుట్టును మెత్త యుండరాదు. ఆ తావులు ప్రేక్షకులకు కనబడవు. గాలికి మాత్రము కనబడును. పై అంగీకి మఖమలే కావలెనన్న పట్టుదల తగదు. దీపకాంతిలో రంగువేసిన పలుచని నూలుగుడ్డ మఖమలువలెనే భాసించును. రూపము చాలునని భరతుడే అన్నాడు గదా.

వేషమును కుట్టివేయరాదు. ఒకచేతితో లాగిన క్షణములో విడిపోవు ముడులుగాని, కొక్కెములుగాని ముందువైపున ఉండవలెను. కత్తెర వెదకికొన్న ఆ నిమిషములు నాకు నేర్పిన పాఠమిది.

ప్రదర్శనమునకు సంబంధించినవి మఱికొన్ని. వేడికి దేహము అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. అలవాటుపడిన దేహము త్వరగా, ఎక్కువగా చెమట పట్టించి తన్ను తాను కాపాడుకొనును. మనకు అద్దెవేషములు ప్రదర్శననాటి సాయంకాలమునకుగాని రావు. కావున అభ్యాసము లుంగీ బనియనులతో జరిగి, పరీక్ష మఖమలులో జరుగుచున్నది. అసలు వేషము రాకున్నను, అంత మందమైన పాత అంగీతో పదిదినములపాటు క్రమముగా సమయము పెంచుచు అభ్యాసము చేయింపవలెను. నటుడు దాహము వేయువఱకు ఆగక ముందే నీరు త్రాగవలెను. ఉప్పువేసిన మజ్జిగ మఱింత మేలు. రంగమునకు రంగమునకు నడుమ ముంజేతులను మోచేతులవఱకు చల్లని నీటిలో పది మొదలు ఇరువది నిమిషములు ముంచియుంచుట మిక్కిలి గుణకారి. అగ్నిమాపకుల విషయమున పరీక్షింపబడిన ఉపాయమిది. అఱచేతుల రక్తము చల్లబడి దేహమంతట తిరుగును. ముఖమున రంగు చెడదు, వేషము విప్పనక్కఱలేదు. తెఱచాటున ఒక బిందె నీరు దొరకని పల్లె లేదు. విసనకఱ్ఱ గాని పంకా గాని ఉన్నచో గాలిని ముఖముపైననే గాక, కంఠము వెంట అంగీలోపలికి పోవునట్లు త్రిప్పవలెను.

పాత తీరు దీపములు తాము గ్రహించు విద్యుచ్ఛక్తిలో అధికభాగమును వేడిగానే వెదజల్లును. వేయి వాట్ల దీపములు పది వెలిగినచో వేదికపై ఇంచుమించు పది వేల వాట్ల పొయ్యి మండుచున్నట్లే. నేటి ఎల్‌.ఇ.డి. దీపములు లభించుచోట ఈ బాధ చాలవఱకు తగ్గినది. లభింపనిచోట మెత్తవేషధారి నిలుచు స్థానమును దీపములకు దూరముగా కల్పించుట దర్శకుని పని.

నాటకమును కుదించునప్పుడు మనము సాధారణముగా కథను మాత్రమే చూచెదము. మెత్తవేషధారి వరుసగా ఎన్ని నిమిషములు వేదికపై నుండునో లెక్కించుట కూడ అలవాటు చేసికొనవలెను. ఇరువది నిమిషములు దాటినచోట అతనిని లోపలికి పంపు ఉపాయమును రచనలోనే వెదకవలెను. 'వన్స్ మోర్' కేకకు తలవంచి నమస్కరించి ముందుకు సాగుమని ఆ నటునికి ముందే చెప్పియుంచుట మర్యాదకు లోపము గాదు.

ఆపత్కాల లక్షణములు

తాపము హెచ్చినప్పుడు దేహముకంటె ముందు మాట సాక్ష్యమిచ్చును. తలనొప్పి, వికారము, కాళ్లు పట్టుట మొదటి గుర్తులు. మాట తడబడుట, అడిగినదానికి పొంతనలేని సమాధానము, అకారణమైన కోపము, నడక తూలుట ప్రమాదపు గుర్తులు. చెమట ఆగిపోయినదా యని చూచుచు కూర్చుండరాదు. శ్రమవలన వచ్చు వడదెబ్బలో చెమట ధారగా కారుచుండగనే స్పృహ తప్పవచ్చును. పాఠము చక్కగా వచ్చిన నటుడు ఉన్నట్టుండి పద్యము మఱచినచో అందించువాడు గొంతు పెంచుట గాదు, తెర దింపుట కర్తవ్యము. వేషము తొలగించి, దేహమంతయు చల్లని నీటితో తడిపి, గట్టిగా విసరుచు, లభించినచో మెడకును చంకలకును మంచు చేర్చి, వెంటనే వైద్యుని పిలిపింపవలెను. స్పృహ సరిగా లేనివాని నోట నీరు పోయరాదు.

ఆహార్యమును బోధించునప్పుడు మనము తరచు దానిని ప్రేక్షకుని కంటితో చూచుచున్నాము. అది రెండుముఖములు గలది. వెలుపలి ముఖము ప్రేక్షకునిది, లోపలి ముఖము నటునిది. నాట్యశాస్త్రకారుడు రెండవ ముఖమును మఱువలేదు; బూరుగుచెక్క తొలిచినవాడు మఱువలేదు; వెదురు అల్లినవాడు మఱువలేదు. కిరీటముల పట్టికను వల్లెవేయించు మనమే మఱచితిమి. లావు గుల్లగా నుండవచ్చును, చెమట ఆఱవలెను, ముడి క్షణములో విడవలెను అను ఈ మూడు మాటలను ఆహార్యపాఠమునకు చేర్చినచో, మఱియొక బాలుడు తన దోషము గానిదానికి తెరచాటునుండి మందలింపు వినవలసిన అవస్థ తప్పును.